వంతెన కింద మడత కుర్చీ

మొన్న మార్కాపురంలో మా మిలిటరీ తాత సంతాపసభ జరిగింది. షామియానా వేశారు, ప్లాస్టిక్ కుర్చీలు వేశారు, ఫోటోకు మల్లెపూల దండ వేశారు. మైకు అందుకున్న వాళ్ళంతా ఆయన పతకాల గురించే మాట్లాడారు. ఒకాయన పులి అన్నాడు, ఇంకొకాయన సింహం అన్నాడు. ఆయనకు పిల్లి ఎదురైనా గుండె దడ అని నాకు తెలుసు కాబట్టి తల వంచుకుని కూర్చున్నాను. చివర్లో "మనవరాలివి కదమ్మా, నువ్వూ రెండు మాటలు చెప్పు" అని నా చేతికి మైకు ఇచ్చారు. మైకు పక్కవాళ్ళకు ఇచ్చేశాను. అక్కడ చెప్పలేకపోయింది ఇప్పుడు రాసుకుంటున్నాను.

సొంత మనవరాలిని కాదు నేను. ఆయన మా అవ్వకు తమ్ముడు, మా నాయనకు మేనమామ. తల్లి చిన్నప్పుడే పోతే మా అవ్వే చంకనేసుకుని పెంచిందట. పెళ్ళయి మా ఊరికి వచ్చేటప్పుడు సారెతో పాటు తమ్ముణ్ణి కూడా తెచ్చుకుందని ఊళ్ళో వాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. ఆయన పెరిగి పట్టాళంలో చేరాడు. అక్కడే ఇంజనీరింగు చదివించారు. ఎక్కడో మంచుకొండల్లో యుద్ధం చేసి, ఒక చెవి అక్కడ వదిలేసి వచ్చాడు. చెవి ఉండేది, వినికిడి లేదు. తర్వాత సర్కారు రోడ్లూ వంతెనలూ కట్టే ఉద్యోగం ఇచ్చింది.

ఊరికి ఇంజనీరయ్య అయినా మా అవ్వకు మాత్రం ఆయన ముక్కు తుడవాల్సిన పిల్లవాడే. "ఒరే అబ్బోడా" అని పిలిచేది. ఆమె తిట్లు మొదలుపెట్టగానే ఆయన మెల్లగా తల తిప్పి చెవిటి చెవిని ఆమె వైపు పెట్టేవాడు. ఆమె తక్కువదా? లేచి, చుట్టూ తిరిగి వచ్చి, మంచి చెవి పక్కన చతికిలబడి మళ్ళీ మొదటినుంచీ తిట్టేది.

మా ఊరు మార్కాపురానికీ త్రిపురాంతకానికీ మధ్య, పెద్దరోడ్డుకు కాస్త లోపలికి. రోడ్డుకూ ఊరికీ నడుమ ఒక వాగు. ఎండాకాలమంతా అది గొర్రెలు పడుకునే ఇసుక. పైన నల్లమలలో వాన పడిందంటే మాత్రం పూట తిరక్కముందే ఎర్రగా పొంగి వచ్చేది. అప్పుడు అవతల వాళ్ళు అవతల, ఇవతల వాళ్ళు ఇవతల. పెళ్ళివాళ్ళు ఆగిపోయేవాళ్ళు, పంతుళ్ళు ఆగిపోయేవాళ్ళు. మేం బడి లేదని గంతులేసేవాళ్ళం.

నా తర్వాత పుట్టాల్సిన బిడ్డ ఆ వాగు ఒడ్డునే పోయింది. నొప్పులు పడుతున్న అమ్మను ఎద్దుల బండిలో వేసుకుని బయల్దేరేసరికి వాగు నిండుగా పారుతోందట. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బండి ఆపుకుని కూర్చున్నారట. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. అమ్మ మాత్రం వాగు దాటిన ప్రతిసారీ ఒకచోట ముఖం పక్కకు తిప్పుకునేది. అందుకే ఆమె మళ్ళీ నీళ్ళోసుకుందని, శ్రావణంలో కాన్పని తెలిసినప్పుడు ఇంట్లో సంతోషం కంటే భయమే ఎక్కువ కనిపించింది నాకు.

ఆ ఏడే మా వాగుకు మూడు కానాల వంతెన, అంటే కింద నీళ్ళు పోయేందుకు మూడు కమాన్లున్నది, మంజూరైంది. ఎన్ని ఆఫీసులు తిరిగాడో, ఎవరెవర్ని బతిమాలాడో గానీ ఆ పని తనకే వేయించుకుని, మాఘమాసం పోగానే ఇనుపపెట్టెతో మా ఇంట్లో దిగాడు తాత.

ఆ పెట్టె తెరిస్తే నాఫ్తలీను, బూటు పాలిషు, ఏదో దొరల సబ్బు కలిసిన వాసన వచ్చేది. ఇప్పటికీ పాత ట్రంకుపెట్టె ఎక్కడ తెరిచినా నా ముక్కు ఆ సబ్బు కోసం వెతుకుతుంది. అందులో ఒక రేకుడబ్బా నిండా బిస్కట్లు ఉండేవి. ఆయన పొలిమేర దాటగానే మేం డబ్బా మీద పడేవాళ్ళం. పళ్ళు దిగేవి కావు. ఒకదాన్ని పలక మీద రాసి చూస్తే గీత పడింది. పలకల గనుల ఊళ్ళో పిల్లలం కదా, ఏది దొరికినా పలక మీద రాసి చూడటం మాకు అలవాటు.

వాటికంటే మాకు ముచ్చటైంది ఆయన మడత కుర్చీ. ఆకుపచ్చ కాన్వాసుది. యుద్ధం నుంచి తెచ్చుకున్నాడు. దాన్ని చంకలో పెట్టుకుని వాగుకు పోయేవాడు, దాన్నే చంకలో పెట్టుకుని వచ్చేవాడు. మధ్యాహ్నం కొర్రన్నంలో ఊరుబిండి నంజుకుని తిని, పంచలో దానిమీద కూర్చుని కునుకు తీసేవాడు.

"ఎంతమందిని సంపినావు తాతా?" అని అడిగాను ఒకసారి.

"నేను సంపేవాణ్ణి కాదు పాపా. దాటించేవాణ్ణి," అన్నాడు కళ్ళు మూసుకునే.

నాకు చాలా నిరాశ కలిగింది. బళ్ళో చెప్పుకోవడానికి అది ఎందుకూ పనికిరాదు.

పని మొదలుపెట్టే రోజున పేచీ వచ్చింది. మా ఊళ్ళో సగం మందికి గొర్రెలే జీవనం. వాళ్ళందరికీ పెద్దదిక్కు ఒకాయన ఉండేవాడు. ఊరంతా గొర్ల మామ అనేవాళ్ళం. భుజాన గొంగడి, చేతిలో గెడ, మనిషి దగ్గరకు రాకముందే మేకపాల వాసన వచ్చేది. కూలికి వచ్చేవాళ్ళంతా ఆయన మాట మీద ఉండేవాళ్ళు. ఆయన ఒక నల్ల మేకపోతును తాడు కట్టి పట్టుకొచ్చాడు.

"వాగులో గుంత తీసేముందు గంగమ్మకు పోతునియ్యాల బావా. మా తాతలకాడ్నించి ఇంతే," అన్నాడు.

"పోతును కోస్తే సిమెంటు గట్టిపడతాదా?" అన్నాడు తాత.

"సిమెంటు సంగతి నాకు తెల్దు. గంగమ్మ సంగతి తెలుసు."

తాత వినలేదు. గుమ్మడికాయ కొట్టించి కానిచ్చాడు. పోతు బతికిపోయింది. పొద్దున్నుంచీ నోట్లో నీళ్ళూరించుకున్న మేం ఊరికే ఇంటికి పోయాం.

తర్వాత కొన్నాళ్ళకు, ఎవరూ అనుకోని అకాలవర్షం ఒకటి కొట్టింది. వంతెన కాళ్ళకోసం తీసిన గుంతల గట్లు విరిగి ఇసుకంతా లోపలికి జారింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఊరు గొర్ల మామ ముఖం చూసింది, గొర్ల మామ తాత ముఖం చూశాడు.

దానికి తోడు రసమట్టం వచ్చిపడింది. మేస్త్రీలు గోడ సమంగా ఉందో లేదో చూసుకునే చెక్కముక్క, అందులో గాజుగొట్టం, గొట్టంలో నీటిబుడగ. ఇప్పుడు అందరికీ తెలుసు, అప్పుడు మా ఊళ్ళో దాన్ని చూసినవాళ్ళు లేరు. తాత దాన్ని రాతి మీద పెట్టి, వంగి చూస్తూ, బుడగ అటూ ఇటూ కదులుతుంటే తలాడిస్తుండగా గొర్ల మామ చూశాడు. సాయంత్రానికి ఊళ్ళోకి మాట వచ్చింది. "ఆ గొట్టంలో ఏందో కదలాడతాంది. పానం మాదిరి ఉండాది. దాన్నే అడిగి గుంత తీస్తాడు."

ఇక ఆ మాటకు కాళ్ళు వచ్చాయి. పోతునిచ్చి ఉంటే పోయేది, ఇప్పుడు గంగమ్మ తలకాయ అడుగుతోందన్నారు. పెద్ద వంతెనలు ఊరికే నిలబడతాయా, ప్రతి కాలు కిందా ఒక బిడ్డ ఉంటుందన్నారు. ఎట్లాంటి బిడ్డ అంటే తొలిచూలు బిడ్డ, నెత్తిన రెండు సుడులుండే బిడ్డ.

తొలిచూలు నేనే. రెండు సుడులూ నాకే ఉన్నాయి. అంతకు ముందు ఆ సుడులు చూసి రెండు పెళ్ళిళ్ళవుతాయని నన్ను ఏడిపించేవాళ్ళు. ఆ వేసవిలో వాటికి కొత్త అర్థం వచ్చింది.

అవ్వ నన్ను గడప దాటనివ్వలేదు. నెత్తికి చమురు పెట్టి, సుడులు కనపడకుండా రెండు జడలు బిగించి, పైన గుడ్డ కట్టింది. అలసందల మూటలూ చింతపండు కుండలూ ఉండే చీకటికొట్టులో కూర్చోబెట్టి, బొరుగుల ఉండలు పెట్టేది. దాచిపెట్టాల్సినంత విలువైనదాన్నని నాకు లోలోపల గర్వంగా కూడా ఉండేది. ఊళ్ళో తక్కిన తల్లులూ పిల్లల్ని దాచుకున్నారు. కూలీలు పనికి రావడం మానేశారు. తాత ఒక్కడే ఆ గుంతల పక్కన మడత కుర్చీ వేసుకుని పొద్దంతా కూర్చుని వచ్చేవాడు.

అవ్వ ఆయన్ని తిట్టడం మానేసింది. అన్నం గిన్నె ముందు పెట్టి మాట్లాడకుండా పోయేది. ఆయన చెవి తిప్పుకోవాల్సిన పనే లేకపోయింది. ఒకరోజు కొట్టులోంచి విన్నాను. అవ్వ మంచి చెవి వైపు కూర్చుని, గొంతు తగ్గించి అడుగుతోంది.

"నా మీద ఒట్టేసి చెప్పరా. అట్లాంటిది ఏమీ లేదు గదా?"

ఆయన చేతిలో ముద్దను గిన్నెలో పెట్టేశాడు. "నువ్వు పెంచినోణ్ణి గదక్కా," అన్నాడు.

ఆ పూట అన్నం తినకుండా చెయ్యి కడుక్కున్నాడు. కొట్టులో నేను బొరుగుల ఉండను మూట మీద పెట్టేశాను.

ఎండలు ముదిరాయి. అమ్మ కడుపు ఎత్తుగా కనపడుతోంది. వాగులో గుంతలు అట్లాగే ఉన్నాయి. మా అమ్మ నెమ్మదైన మనిషి. మామగారు పోయి ఏళ్ళయినా ఆయన కూర్చునే అరుగు ముందు నుంచి తల వంచుకునే నడిచేది. అట్లాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే కొట్టు తలుపు తీసి, నా నెత్తి మీద గుడ్డ విప్పి పారేసి, చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయింది. అవ్వ వెనకాల "ఏందే, యాడికే" అని అరుస్తూనే ఉంది. అమ్మ వెనక్కి చూడలేదు.

వాగు దగ్గర రోజూలాగే జనం ఒడ్డున కూర్చుని తాత ఏం చేస్తాడా అని చూస్తున్నారు. అమ్మ నన్ను గుంత పక్కన ఇసుక కుప్ప మీద కూర్చోబెట్టింది. నా జడలు విప్పి, తల వంచి, సుడులు అందరికీ చూపించింది.

"మీరు చెప్పుకునే పిల్ల ఇదే. తొలిచూలు. రెండు సుడులు. రోజూ తెచ్చి ఈడ్నే కూచోబెడతా. గంగమ్మకు కావాలంటే తీసుకుంటాది," అంది. ఆయాసంతో కాసేపు ఆగింది. "పోయినసారి ఈ ఒడ్డున నా బిడ్డ పోయె గదా. అప్పుడు ఎవరు కట్టినారు వంతెన? ఎవరడిగినారు బలి? నాకు వానల్లోపల దారి కావాల. అంతే."

గొర్ల మామ గొంగడి సర్దుకున్నాడు. "అంత మాటెందుకమ్మా," అన్నాడు.

తాత కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూడటం నాకదే మొదలు.

"నా కోడలు బిడ్డను తెచ్చి కూచోబెట్టె. నేనూ ఒక మాట చెప్తా వినండి. వంతెన అయినంక మొదటి లారీ పోయేటప్పుడు దాని కింద నేను కూచుంటా. పట్టాళంలో మాకది రివాజు. కట్టినోడే కిందుండాల. అది తలకాయ అడిగేదే అయితే నా తలకాయ ఉండాది," అన్నాడు.

మొదట ఒక ముసలామె లేచి తట్ట అందుకుంది. తర్వాత తక్కిన ఆడవాళ్ళు లేచారు. చివరికి గొర్ల మామ కూడా గొంగడి తీసి ఒక రాయి మీద మడిచిపెట్టి, గుంతలోకి దిగాడు. ఆ రోజే తాత ఆయన్ని పిలిచి రసమట్టం చేతికిచ్చాడు. బుడగ నడిమధ్యకు వచ్చేదాకా రాయి జరపమన్నాడు. ఆ తర్వాత దాన్ని ఇంకెవరి చేతికీ ఇచ్చేవాడు కాదు గొర్ల మామ.

ఆ రెండు నెలలూ నేను ఇసుక కుప్ప మీదే పెరిగాను. తడి సిమెంటు వాసన, మోదుగాకుల్లో సంగటి ముద్దలు, గోంగూర, ఉల్లిపాయ. వంతెనకు రెండువైపులా ఎత్తు చేయడానికి గనుల దగ్గర పారేసిన పలకరాతి ముక్కలు బండ్లకొద్దీ తోలారు. బాగున్న ముక్కలు ఏరుకుని మేం వాటిమీద తాత మీసాలు గీసేవాళ్ళం. గంగమ్మ నన్ను అడగలేదు. మేస్త్రీలు మాత్రం బీడీల కోసం అంగడికి పొమ్మని అడిగేవాళ్ళు.

మృగశిర వచ్చే ముందు వంతెన సిద్ధమైంది. మార్కాపురం నుంచి పలకలు నింపుకున్న లారీ ఒకదాన్ని పిలిపించారు. ఊరంతా ఒడ్డున నిలబడింది. తాత ఉతికిన ఖాకీ బట్టలు వేసుకుని, కుర్చీ చంకలో పెట్టుకుని వాగులోకి దిగి, నడిమి కానా కింద కుర్చీ వేసుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

డ్రైవరు కిందికి దిగిపోయాడు. "మనిషి కిందుంటే నేను ఎక్కియ్యను సార్."

"మనిషుంటేనే ఎక్కియ్యాల. ఎక్కు," అన్నాడు తాత.

అప్పుడు వచ్చింది అవ్వ. ఎవరో చెప్పారట, పరుగెత్తుకుంటూ వచ్చింది.

"లేయ్‌రా అబ్బోడా. ఒక చెవి ఇట్లనే పోగొట్టుకుంటివి. ఇంకేం మిగిలిందిరా నీకు?"

ఆ చెవి ఎట్లా పోయిందో నాకు అప్పుడే తెలిసింది. యుద్ధంలోనూ ఇట్లాగే తాను కట్టిన వంతెన కింద నిలబడ్డాడట. పైన బండ్లు దాటుతుండగా దగ్గర్లో ఫిరంగి గుండు పడిందట. బండ్లన్నీ దాటాకే ఆయన పైకి వచ్చాడని నాయన నా చెవిలో చెప్పాడు. తెలిసి తెలిసి మళ్ళీ అక్కడే కూర్చున్నాడు.

అవ్వ ఎంత మొత్తుకున్నా ఆయన కదల్లేదు. ఆమె కాసేపు ఒడ్డున నిలబడింది. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, గొణుక్కుంటూ వాగులోకి దిగింది. నడిమి కానా కిందికి పోయి, తమ్ముడి పక్కన ఇసుకలో చతికిలబడింది. ఈసారి చెవిటి చెవి వైపే కూర్చుంది. తిట్టడానికి రాలేదు కాబట్టి ఏ వైపైనా ఒకటే.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. లారీ రంకె వేస్తూ వంతెన ఎక్కింది, మెల్లగా నడిచింది, అవతల దిగింది. అందరం కిందికే చూస్తున్నాం. కానా కప్పు నుంచి కాస్త దుమ్ము, నాలుగు సిమెంటు పెళ్ళలు రాలి ఇద్దరి నెత్తిన పడ్డాయి.

"కంట్లో మన్ను పడెరా. ఇదేనా నీ కట్టుబడి?" అంది అవ్వ.

తాత జేబురుమాలు తీసి ఆమె కళ్ళు తుడిచాడు. ఆ తుడవడం చాలాసేపు పట్టింది. అంత మన్నేమీ పడలేదు.

శ్రావణంలో వాగు వచ్చింది. అమ్మను పడుకోబెట్టిన బండి వంతెన మీదుగా పోయింది. నేనూ బండిలోనే ఉన్నాను. కింద ఎర్రనీళ్ళు హోరుమంటున్నాయి. ముఖం పక్కకు తిప్పుకునే చోటికి వచ్చేసరికి అమ్మ కళ్ళు తెరుచుకునే ఉంది. మార్కాపురం ఆసుపత్రిలో తమ్ముడు పుట్టాడు. పురిటిస్నానం అయ్యాక అవ్వ ఎవరికీ చెప్పకుండా గొర్ల మామను పిలిచి, ఆ నల్లపోతునే వంతెన కింద గంగమ్మకు ఇప్పించింది. తాత ఆ కూర తిన్నాడు. ఎక్కడిదని అడగలేదు. ఇంకో రెండు ముక్కలు వెయ్యమన్నాడు.

ఆయన తర్వాత ఎన్నో కట్టాడు. గిద్దలూరు దాకా, ఇంకా అవతలికీ ఎన్ని వాగుల మీద ఆయన చెయ్యి పడిందో చెప్పలేను. నూరేళ్ళకు దగ్గరగా బతికాడు. ఈలోగా అవ్వ పోయింది, అమ్మా నాయనా పోయారు, గొర్ల మామ పోయాడు. ఆ మామ మనవలు ఇప్పుడు ఆటోలు నడుపుతున్నారు. బళ్ళల్లో పలకలు పోయాయి. గనుల గుంతల్లో నీళ్ళు నిలిచి, కొంగలు వాలుతున్నాయి.

చివరి ఏళ్ళలో తాతకు మనుషులు గుర్తుండేవాళ్ళు కాదు. మార్కాపురంలో కొడుకింట్లో మంచం మీద పడుకుని ఉండేవాడు. నేను చూడటానికి వెళ్ళి పక్కన కూర్చుంటే నా నెరిసిన జుట్టు చూసి అవ్వ అనుకునేవాడు.

"అక్కా, లారీ పోయిందా?" అని అడిగేవాడు.

మొదటిసారి నేను అవ్వను కాదని చెప్పాను. తర్వాత అలవాటైంది. మంచి చెవి వైపు వంగి "పోయింది లేరా అబ్బోడా" అనేదాన్ని. అప్పుడు నిశ్చింతగా కళ్ళు మూసుకునేవాడు. కాసేపటికి మళ్ళీ అడిగేవాడు.

పోయిన నెల ఆయన్ని మట్టి చేయడానికి మా ఊరి చేనికి తీసుకువెళ్ళేటప్పుడు బండి ఆ వంతెన దగ్గరికి రాగానే తమ్ముడు ఆపమన్నాడు. వాడికీ అరవై దగ్గరపడుతున్నాయి. ఎవరితోనూ ఏమీ అనకుండా వెనక నుంచి మడత కుర్చీ తీశాడు. కాన్వాసు ఎప్పుడో చిరిగిపోతే నవారు అల్లించి ఉంచాడట. పంచె పైకి కట్టుకుని వాగులోకి దిగుతుంటే నేనూ వాడి భుజం పట్టుకుని దిగాను. మడమలోతు నీళ్ళున్నాయి. నడిమి కానా కింద కుర్చీ వేసి, "నీకు మోకాళ్ళ నొప్పులు, నువ్వు కూచో అక్కా," అని తాను పక్కన నిలబడ్డాడు. పైకి చూసి "పోనియ్యండి" అని కేకేశాడు.

మా తల మీదుగా బండి మెల్లగా దాటింది. కప్పు నుంచి కాస్త మన్ను రాలింది. పోయినవాళ్ళ మీద మనం మన్ను వేయాలి. ఆయన మా మీద వేసి పోయాడు. దులుపుకోబుద్ధి కాలేదు. బండి చప్పుడు అవతలి ఒడ్డు ఎక్కి సన్నబడేదాకా విన్నాను.

"పోయింది లేరా అబ్బోడా," అన్నాను.